పెట్రోలు బంకులో మొక్కజొన్న

కోళ్ల ఫారంలో దాణా మర ఆడుతుంటే పక్కన నిలబడటం కష్టం. పసుప్పచ్చటి దుమ్ము లేచి గోడలకీ, గోతాలకీ, మర దగ్గర పనిచేసేవాళ్ల కనురెప్పలకీ పట్టేస్తుంది. ఆ రంగు మొక్కజొన్నది. సోయా చెక్క, నూనె తీసిన తవుడు, గవ్వల పొడి, ఉప్పు, విటమిన్లు ఎన్ని కలిపినా దాణా బరువులో సగానికి పైగా మొక్కజొన్నే. అనపర్తి, తణుకు వైపు గానీ, హైదరాబాద్ చుట్టుపక్కల గానీ లేయర్ ఫారం నడిపే రైతు పొద్దున్నే రెండు ధరలు చూస్తాడు. ఒకటి గుడ్డుకు జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (నెక్) ప్రకటించే రేటు, రెండోది మార్కెట్ యార్డులో మొక్కజొన్న క్వింటాల్ రేటు. ఈ రెండింటి మధ్య ఉన్న సందులోనే అతని బతుకు.

కొంచెం లెక్క వేద్దాం. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. అందులో 60 గ్రాములు మొక్కజొన్న. ఏడాదికి 22 కిలోలు. ఆ తిండితో అది మూడొందల పైచిలుకు గుడ్లు పెడుతుంది. ఇప్పుడు కారు దగ్గరికి రండి. మన బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. 35 లీటర్ల ట్యాంకు నింపితే ఏడు లీటర్లు అదే. టన్ను మొక్కజొన్న నుంచి దాదాపు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది కాబట్టి, ఆ ఏడు లీటర్లూ మొక్కజొన్నవే అయితే 18 కిలోలకు పైగా గింజలు కావాలి. ఒక కోడికి పది నెలల మొక్కజొన్న అది. గుడ్లలో చెప్పాలంటే రమారమి 250. ఇథనాల్ తీశాక మిగిలే పిప్పిలో మాంసకృత్తులుంటాయి, అది తిరిగి దాణాలోకే వస్తుంది. ఆ వాటా కింద మూడో వంతు తీసేసినా నూట అరవై గుడ్లకు తగ్గదు.

దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తెలంగాణది మూడో స్థానం. దేశం తినే ప్రతి పది గుడ్లలో దాదాపు మూడు మన రెండు రాష్ట్రాల షెడ్లలోంచి వచ్చినవే. కిలో మొక్కజొన్న ఐదు రూపాయలు పెరిగితే గుడ్డు ఖర్చు 35 పైసల దాకా పెరుగుతుంది. బ్రాయిలర్ కోడి కిలో బరువు పెరగడానికి ఇంచుమించు కిలో మొక్కజొన్న తింటుంది కాబట్టి అక్కడ కిలోకు ఐదు రూపాయలూ నేరుగా పడతాయి. గుడ్డు ధర పెరగడానికి చలికాలపు గిరాకీ, కోళ్ల జబ్బులు, రవాణా వంటి కారణాలు ఇంకా ఉన్నాయి. అయితే వీటిలో ప్రభుత్వం చేత్తో రాసిన కారణం మొక్కజొన్న ఒక్కటే.

ధర ఎక్కడ కడుతున్నారు?

2013-14లో దేశం మొత్తం మీద పెట్రోలులో కలిపిన ఇథనాల్ 38 కోట్ల లీటర్లు. ఒకటిన్నర శాతం. అప్పట్లో అదంతా చక్కెర మిల్లుల్లో మిగిలే మడ్డి నుంచే. మడ్డిని ఎవరూ తినరు కాబట్టి తిండికీ ఇంధనానికీ పేచీ లేదు. 2018లో జాతీయ జీవ ఇంధన విధానం వచ్చింది. చెరకు రసం, పాడైన ధాన్యం, నూకల నుంచి ఇథనాల్ తీయడానికి అది దారి తెరిచింది. మిగులు ఉందని ఒక కమిటీ తేల్చిన ఏడాది తిండి గింజలను కూడా వాడొచ్చంది. 2020 ఏప్రిల్‌లో, కరోనా తొలి లాక్‌డౌన్ మధ్యలో, భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) గోదాముల్లోని బియ్యానికి ఆ కమిటీ పచ్చజెండా ఊపింది. 2021 జూన్ 5న ప్రధాని మోదీ కొత్త రోడ్‌మ్యాప్ విడుదల చేశారు. 20 శాతం కలపాలన్న లక్ష్యం 2030 నుంచి 2025కి ముందుకు జరిగింది. పది శాతాన్ని 2022 జూన్‌లోనే, గడువుకు ఐదు నెలల ముందు అందుకున్నారు. 2025 నాటికి ఇరవై శాతమూ అయింది. ఏడాదికి వెయ్యి కోట్ల లీటర్లు దాటింది.

ఇంత వేగంగా జరిగిన పని మన దేశంలో అరుదు. డిస్టిలరీలు కట్టేవాళ్లకు వడ్డీ రాయితీ ఇచ్చారు. ప్రభుత్వ రంగ చమురు కంపెనీలు కొనుగోలు ఒప్పందాలు రాసిచ్చాయి. ఏ సరుకు నుంచి తీసిన ఇథనాల్‌కు ఎంత ఇస్తారో ముందే ప్రకటించారు. తిండి ధర మీద దీని ప్రభావం తెలుసుకోవాలంటే చూడాల్సింది ఈ చివరి మాటే.

2024 జనవరిలో మొక్కజొన్న ఇథనాల్‌కు చమురు కంపెనీలు లీటరుకు 5.79 రూపాయలు ప్రోత్సాహకంగా పెంచి 71.86 రూపాయలు చేశాయి. క్వింటాల్ మొక్కజొన్నకు 38 లీటర్లు. గుణిస్తే 2,730 రూపాయలు. పిప్పి అమ్మితే వచ్చేది అదనం. కరెంటు, బొగ్గు, జీతాలు, వడ్డీ తీసేసినా 2,200, 2,300 పెట్టి గింజ కొనే స్తోమత డిస్టిలరీకి ఉంటుంది. ఆ ఏడాది మద్దతు ధర 2,090. యార్డులో ఒక పక్క ఈ కొనుగోలుదారు, ఇంకో పక్క కోళ్ల ఫారం రైతు. మొదటివాడి సరుకు అమ్ముడుపోతుందన్న హామీ ఉంది, ధరకూ హామీ ఉంది. రెండోవాడు రేపు గుడ్డు ఎంతకు పోతుందో తెలియకుండా ఇవాళ గింజ కొనాలి. ఆ వేలంపాటలో ఎవరు గెలుస్తారో చెప్పడానికి ఆర్థికశాస్త్రం చదవనక్కర్లేదు.

ఫలితం ఒక్క ఏడాదిలోనే కనబడింది. 2022-23లో మొక్కజొన్న నుంచి వచ్చిన ఇథనాల్ మొత్తంలో సుమారు ఆరు శాతం. 2023-24లో 40 శాతం దాటి, చెరకునూ బియ్యాన్నీ వెనక్కి నెట్టి మొదటి స్థానానికి వచ్చింది. ఏడు మిలియన్ టన్నులకు పైగా, అంటే 70 లక్షల టన్నుల పైన గింజ అటు మళ్లింది. దేశంలో ఆ ఏడు పండినది సుమారు 376 లక్షల టన్నులు. అందులో 60 శాతం దాకా కోళ్లకీ పశువులకీ పోయే పంట అది. రెండేళ్ల ముందు బంగ్లాదేశ్‌కూ వియత్నాంకూ లక్షల టన్నులు ఎగుమతి చేసిన దేశం 2024లో మయన్మార్, ఉక్రెయిన్‌ల నుంచి మొక్కజొన్న దిగుమతి చేసుకుంది. పౌల్ట్రీ సంఘాలు సుంకం ఎత్తేయమని ఢిల్లీ చుట్టూ తిరిగాయి. ఐదు లక్షల టన్నుల వరకు 15 శాతం సుంకంతో తెచ్చుకోవచ్చని జూన్‌లో కేంద్రం అనుమతించింది. ముడిచమురు దిగుమతి తగ్గించడానికి మొదలుపెట్టిన పని గింజల దిగుమతి దాకా వచ్చింది.

చెరకు, బియ్యం, మక్కలు, మళ్లీ బియ్యం

మొక్కజొన్న ఉన్నట్టుండి ఎందుకు ముందుకొచ్చింది? దీని వెనక 2023 వర్షాకాలం ఉంది. ఎల్‌నినో ఏడాది. నూట ఇరవై ఏళ్ల లెక్కల్లో అంత పొడిగా గడిచిన ఆగస్టు లేదు. వానలకు ముందే బియ్యం ధర ఎక్కుతోంది. జూన్‌లో కేంద్రం రాష్ట్రాలకు బహిరంగ మార్కెట్ పథకం కింద బియ్యం అమ్మడం ఆపేసింది. కర్ణాటకలో కొత్తగా వచ్చిన ప్రభుత్వం అన్నభాగ్య పథకం కింద మనిషికి మరో ఐదు కిలోలు ఇస్తామని మాటిచ్చి, కిలో 34 రూపాయల చొప్పున కొంటామని ఎఫ్‌సీఐని అడిగింది. బియ్యం లేవన్నారు. ఆ పథకం కింద పేదల ఖాతాల్లో డబ్బు వేయాల్సి వచ్చింది. అదే గోదాముల నుంచి డిస్టిలరీలకు కిలో 20 రూపాయలకు బియ్యం వెళ్తున్న రోజులవి. ఎఫ్‌సీఐకి కిలో బియ్యం సేకరించి, నిల్వచేసి, చేరవేయడానికి అయ్యే ఖర్చు 40 రూపాయలకు అటూ ఇటూ. ఈ మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుంటే విధానం ఎవరి వైపు మొగ్గిందో తెలుస్తుంది. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

జూలైలో ఒకేసారి రెండు నిర్ణయాలు వచ్చాయి. డిస్టిలరీలకు ఎఫ్‌సీఐ బియ్యం ఆగిపోయాయి. బాస్మతీయేతర తెల్లబియ్యం ఎగుమతి మీద నిషేధం పడింది. నూకల ఎగుమతి అంతకు ముందు ఏడాది సెప్టెంబరులోనే ఆగింది. కోళ్ల దాణాకూ ఇథనాల్‌కూ నూకలు చాలడం లేదన్నది అప్పుడు కేంద్రం చెప్పిన కారణాల్లో ఒకటి. కాకినాడ నుంచి పడమటి ఆఫ్రికాకు వెళ్లే ఓడల మీద ఆధారపడ్డ మిల్లర్లూ, ఎగుమతిదారులూ, హమాలీలూ దాని దెబ్బ తిన్నారు. సెనెగల్ లాంటి దేశాల్లో పేదింటి అన్నం మన నూకలే. ఇక్కడి బంకులో కలిపే ఇథనాల్‌కూ డాకర్‌లో పళ్లెంలోని అన్నానికీ మధ్య అంత దగ్గర దారి ఉంది.

డిసెంబరులో చెరకు వంతు వచ్చింది. మహారాష్ట్ర, కర్ణాటకల్లో పంట దెబ్బతింది, ముందు ఎన్నికల ఏడాది. చెరకు రసం నుంచి ఇథనాల్ తీయొద్దని 7వ తేదీన మిల్లులకు ఉత్తర్వు వెళ్లింది. మిల్లులు గగ్గోలు పెడితే వారం తర్వాత 17 లక్షల టన్నుల చక్కెరకు సరిపడా మళ్లించుకోమని సడలించారు. చక్కెర నిలబడింది, బియ్యం నిలబడ్డాయి. 20 శాతం లక్ష్యం మాత్రం ఎక్కడా కదల్లేదు. ఆ ఖాళీ మొత్తం మొక్కజొన్న మీద పడింది. జనవరి ప్రోత్సాహకం అందుకే.

ఏ సరుకును ఆపాలో, ఏ సరుకును వదలాలో ప్రభుత్వం ఏటా మారుస్తూ వచ్చింది. ట్యాంకులో పోయాల్సిన లీటర్ల లెక్క మాత్రం మార్చలేదు. తిండి గింజలకు గిరాకీ ఎప్పుడూ ఒకేలా ఉండదు. పంట పోయిన ఏడాది ధర పెరుగుతుంది, కొందరు కొనడం తగ్గిస్తారు, గోదాము నుంచి కొంత తీస్తారు, ఎగుమతి తగ్గుతుంది. అందరూ తలా కాస్త సర్దుకుంటే కరువు ఏడాది గడుస్తుంది. ఆ సర్దుబాటులో పాలుపంచుకోని కొనుగోలుదారు ఒకడు బజారులోకి వచ్చి, పంట పండినా ఎండినా నాకు ఇంత కావాల్సిందే అంటే, అతను మోయని భారం కూడా మిగతావాళ్లే మోయాలి. అందులో మొదట వంగేది మాంసకృత్తుల కోసం గుడ్డు మీద ఆధారపడ్డ ఇల్లు. గుడ్డు మానేసినంత మాత్రాన ఆ ఇంట్లో ఎవరూ ఆకలితో చనిపోరు కాబట్టి అది వార్త కాదు. అంగన్‌వాడీలోనూ, బడి మధ్యాహ్న భోజనంలోనూ పెట్టే గుడ్డుకు మాత్రం ప్రభుత్వమే పెరిగిన ధర చెల్లిస్తుంది. ఇథనాల్‌కు ఒక చేత్తో, గుడ్డుకు ఇంకో చేత్తో.

రైతు సంగతి

ఇంతవరకూ చదివిన మొక్కజొన్న రైతుకు కోపం వచ్చి ఉంటుంది. రావాలి కూడా. 2020లో కరోనా భయంతో చికెన్ అమ్మకాలు పడిపోయినప్పుడు మద్దతు ధర 1,760 ఉంటే బజారులో 1,200, 1,300కి అమ్ముకున్నవాళ్లున్నారు. అప్పుడు పౌల్ట్రీ పరిశ్రమ ఆ చవక గింజను సంతోషంగానే కొనుక్కుంది. 2024లో క్వింటాల్ 2,200 నుంచి 2,600 దాకా పలికితే, ఏళ్ల తర్వాత తమ పంటకు ఒక ధర వచ్చిందని కరీంనగర్, కామారెడ్డి, వరంగల్ రైతులు అనుకున్నారు. కడుపుకు చవగ్గా పెట్టే బాధ్యత మొక్కజొన్న రైతు ఒక్కడి నెత్తిన వేయడం న్యాయం కాదు. తిండి చవగ్గా ఉండాలి, రైతుకు ధర రావాలి. రెండూ కావాలంటే మధ్యలో ఖజానా నిలబడాలి.

ఇథనాల్ విధానం రైతుకు ఇచ్చిన మాటను కూడా నిలబెట్టుకోలేదన్నదే ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించే సంగతి. మంచి ధర చూసి 2025 ఖరీఫ్‌లో దేశమంతా మొక్కజొన్న వేశారు. మద్దతు ధర 2,400కి పెరిగింది. పంట చేతికొచ్చేసరికి కర్ణాటకలో క్వింటాల్ 1,600, 1,800కి పడిపోయింది. గదగ్, హావేరి రైతులు రోడ్డెక్కారు. నవంబరులో ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ప్రధానికి లేఖ రాశారు. తెలంగాణలో మార్క్‌ఫెడ్ రంగంలోకి దిగి మద్దతు ధరకు మక్కలు కొనాల్సి వచ్చింది.

వెయ్యి కోట్ల లీటర్ల గిరాకీ అలాగే ఉండగా ధర ఎలా పడింది? పంట ఎక్కువ రావడం ఒక కారణం. ఆ ఏడాది జనవరిలోనే మరో కారణం తయారైంది. గోదాముల్లో బియ్యం గుట్టలు పడ్డాయి. 2,800కి ఎవరూ కొనడం లేదని డిస్టిలరీలకు క్వింటాల్ 2,250కి దించారు. 2024-25 ఇథనాల్ ఏడాదికి విడతలుగా మొత్తం 52 లక్షల టన్నులు కేటాయించారు. టన్ను బియ్యం నుంచి మొక్కజొన్న కన్నా ఎక్కువ ఇథనాల్ వస్తుంది. 2,250కే బియ్యం దొరుకుతుంటే 2,400 పెట్టి మొక్కజొన్న కొనే డిస్టిలరీ ఏది? ఒక ఏడు ఇథనాల్ కోసం మొక్కజొన్న వెయ్యమన్న ప్రభుత్వమే, మరుసటి ఏడు ఆ మొక్కజొన్నకు పోటీగా తన సబ్సిడీ బియ్యాన్ని దించింది. 2024లో ఫారం రైతు ఏడ్చాడు, 2025లో మక్కల రైతు ఏడ్చాడు. ఇద్దరి ఏడుపుకూ మూలం ఒకే కార్యాలయంలో ఉంది.

52 లక్షల టన్నులంటే ఎంతో చూద్దాం. ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు ఐదు కిలోలు, ఏడాదికి 60 కిలోలు. ఆ లెక్కన ఎనిమిదిన్నర కోట్ల మందికి ఏడాది రేషన్. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8.46 కోట్లు. అంటే శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా అప్పుడున్న ప్రతి మనిషికీ ఏడాది పొడవునా ఇవ్వగలిగినంత బియ్యం. గోదాముల్లో అవసరానికి మించి నిల్వ ఉన్న మాట నిజం, ముక్కిపోవడం కంటే వాడుకోవడం మేలన్న వాదనలోనూ అర్థం ఉంది. కానీ మిగులు ఎందుకు తయారైందో అడగాలి కదా. మద్దతు ధరకు కొనుగోలు హామీ ఉన్నది ప్రధానంగా వరికీ గోధుమకీ. అందుకే బోరు నీళ్లతో కూడా వరి వేస్తారు. కంది, పెసర, వేరుశనగ వేసినవాడికి ఆ ధీమా లేదు. పప్పులు, నూనెలు దిగుమతి చేసుకుంటూ, బియ్యం పండించి కాల్చుకుంటున్నాం. ఇందులో పిప్పి కథ ఇంకోటి: డిస్టిలరీల పిప్పి చవగ్గా దాణాలోకి రావడంతో సోయా చెక్క గిరాకీ తగ్గింది. ఆదిలాబాద్, నిర్మల్ నల్లరేగళ్లలో సోయా వేసే రైతుకు 2024లో మద్దతు ధర 4,892 ఉన్నా బజారు ధర దాని దరిదాపులకు రాలేదు. సోయాకు అంతర్జాతీయ ధరలు కూడా కారణమే. అయినా మక్కలు లాభం, సోయా నష్టం అని రైతు తేల్చుకుంటే వంటనూనెకు మనం ఇంకా ఎక్కువగా బయటి దేశాల మీద ఆధారపడతాం.

వంటింటి నూనె, ఇండోనేషియా డీజిల్

వంటనూనెల్లో సగానికి పైగా మనం దిగుమతి చేసుకునేదే. అందులో పెద్ద వాటా పామాయిల్. కృష్ణపట్నం, కాకినాడ రిఫైనరీల్లో శుద్ధయి ప్యాకెట్లలోకి వెళ్తుంది. మిర్చిబజ్జీల బండి మూకుడులో కాగేదీ, బిస్కెట్లలో, మిక్చర్ పొట్లాల్లో ఉండేదీ అదే. దాని ధరను ఇప్పుడు జకార్తాలోని ఒక ఉత్తర్వు కూడా నిర్ణయిస్తోంది.

ఇండోనేషియా ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పామాయిల్ తీసే దేశం. డీజిల్‌లో పామాయిల్ నుంచి చేసిన బయోడీజిల్‌ను 2020లో 30 శాతం, 2023లో 35, 2025లో 40 శాతం కలపాలని అక్కడి ప్రభుత్వం ఆదేశించింది. ఎగుమతికి మిగిలేది ఆ మేరకు తగ్గింది. మామూలుగా సోయా, పొద్దుతిరుగుడు నూనెల కన్నా చవగ్గా ఉండే పామాయిల్, 2024 చివర్లో వాటిని మించిపోయింది. ఇండోనేషియా ఆడవాళ్లే 2022 మొదట్లో వంటనూనె కోసం బారులు తీరారు. ఆ ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం పామాయిల్ ఎగుమతినే మూడు వారాల పైన ఆపేస్తే మన కిరాణా కొట్లలో ధర మండింది.

అదే ధర ఆయిల్‌పామ్ తోటలున్న అశ్వారావుపేటలో వేరుగా కనిపిస్తుంది. దేశంలో ఆయిల్‌పామ్ గెలల దిగుబడి దాదాపు అంతా ఏలూరు, ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం లాంటి మన జిల్లాలదే. గెల ధర ముడి పామాయిల్ ధరతో ముడిపడి ఉంటుంది. 2024 సెప్టెంబరులో కేంద్రం దిగుమతి సుంకం పెంచడం, ఇండోనేషియా మిశ్రమం పెరగడం కలిసి టన్ను గెలల ధరను 20 వేల దరిదాపులకు తీసుకెళ్లాయి. తోట ఉన్న ఇంటికి అది మంచి ఏడాది. నూనె కొనే ఇంటికి కాదు. 2025 మే చివర్లో ముడి నూనె మీద సుంకాన్ని తగ్గిస్తే ఈసారి తోట రైతు ఉసూరుమన్నాడు.

ఇతరులు ఏం చూశారు, ఏం చేశారు

ఈ పేచీ కొత్తది కాదు. అమెరికా 2005లో, ఆపై 2007లో చట్టాలు చేసి ఇథనాల్ వాడకాన్ని తప్పనిసరి చేసింది. ఇప్పుడు ఆ దేశపు మొక్కజొన్నలో 40 శాతం దాకా డిస్టిలరీలకే. 2007 జనవరిలో మెక్సికో నగర వీధుల్లో వేల మంది టోర్టియా ధర మీద ఊరేగింపు తీశారు. మొక్కజొన్న రొట్టె వాళ్లకు మన అన్నంతో సమానం. 2008లో తిండి ధరలు ప్రపంచమంతా మండినప్పుడు, ఆ పెరుగుదలలో 70 నుంచి 75 శాతం జీవ ఇంధనాల వల్లా, వాటి వెంట వచ్చిన పరిణామాల వల్లా అని ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్త డోనాల్డ్ మిచెల్ లెక్కగట్టారు. రెండు మూడు శాతమే అని అమెరికా వ్యవసాయ శాఖ వాదించింది. 2011లో అమెరికా నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్ 20 నుంచి 40 శాతం మధ్య అని తేల్చింది. అంకె మీద తగాదా ఎప్పటికీ తెగదు. ధర పెరిగిందా లేదా అన్నదాని మీద తగాదా లేదు. అదే ఏడాది ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్, ఎఫ్ఏఓ, డబ్ల్యూటీఓ సహా పది అంతర్జాతీయ సంస్థలు కలిసి, జీవ ఇంధనాల తప్పనిసరి వాడకాన్నీ సబ్సిడీలనూ ఎత్తేయమని జీ20 దేశాలకు సిఫారసు చేశాయి. పట్టించుకున్నవాళ్లు తక్కువ.

2012లో అమెరికా కార్న్‌బెల్ట్ ఎండిపోయింది. మొక్కజొన్న బుషెల్ ఎనిమిది డాలర్లు దాటి రికార్డు కొట్టింది. ఆ ఒక్క ఏడాదికి తప్పనిసరి వాటా సడలించమని పలు రాష్ట్రాల గవర్నర్లు, కోళ్లూ పశువులూ పెంచేవాళ్లూ ప్రాధేయపడితే పర్యావరణ సంస్థ ఈపీఏ కుదరదంది. చట్టంలో సడలింపు వీలున్నా అది కాగితం మీదే మిగిలింది.

బ్రెజిల్ వేరే దారి పట్టింది. అక్కడ పెట్రోలులో కలిపే వాటా పైకీ కిందకీ జరుగుతుంది. 2011లో చెరకు తగ్గినప్పుడు అక్టోబరు నుంచి 25 శాతాన్ని 20కి దించారు. పంట కోలుకున్నాక మళ్లీ పెంచారు. 2025 ఆగస్టులో 30కి తీసుకెళ్లారు. చైనా 2020 నాటికి దేశమంతటా పది శాతం ఇథనాల్ కలుపుతామని 2017లో ప్రకటించింది. మొక్కజొన్న నిల్వలు కరిగిపోవడం చూసి గడువు రాకముందే ఆ పథకాన్ని పక్కనపెట్టింది. చైనాను ఆదర్శంగా చూపించాలని కాదు. తిండి తర్వాతే ఇంధనం అని ఒక్కసారి అనుకుంటే లక్ష్యాన్ని వెనక్కి జరపడం పరువు తక్కువ కాదని చెప్పడానికి.

మన దగ్గర లక్ష్యాన్ని వెనక్కి జరపడం రోజురోజుకీ కష్టమవుతోంది. చమురు కంపెనీలకు కావలసింది ఏడాదికి వెయ్యి కోట్ల లీటర్ల చిల్లర. 2025-26కి డిస్టిలరీలు అమ్ముతామంటూ ముందుకొచ్చింది 1,776 కోట్ల లీటర్లు. అప్పులు తెచ్చి కట్టిన ఆ ఫ్యాక్టరీలు ఖాళీగా ఉండలేవు కాబట్టి 27 శాతం, 30 శాతం అనే మాట ఇప్పటికే వినిపిస్తోంది. ఊళ్ల వ్యతిరేకత ఇంకో వైపు. నారాయణపేట జిల్లా చిత్తనూరు, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్, జోగులాంబ గద్వాల జిల్లా పెద్ద ధన్వాడ. నీళ్లూ గాలీ పాడవుతాయన్న భయంతో ఈ ఊళ్లు ఇథనాల్ ఫ్యాక్టరీల మీద తిరగబడ్డాయి. దిలావర్‌పూర్ జనం 2024 నవంబరులో జాతీయ రహదారి మీద బైఠాయిస్తే పనులు ఆపాల్సి వచ్చింది. గడ్డి నుంచి ఇథనాల్ తీస్తే తిండితో పోటీ ఉండదు. 2022 ఆగస్టులో పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ 900 కోట్ల పైన ఖర్చుపెట్టి వరిగడ్డి ప్లాంటు పెట్టింది. దాని సామర్థ్యం ఏడాదికి మూడు కోట్ల లీటర్లు. వెయ్యి కోట్ల పక్కన అది ఎంత? ఆ సాంకేతికతకు వెళ్లాల్సిన డబ్బు, శ్రద్ధ చవక బియ్యం వైపు వెళ్తున్నంతకాలం అది ఎదగదు.

ఇథనాల్ పూర్తిగా ఆపేయమని నేను అనడం లేదు. మడ్డి నుంచి, మనిషి తినలేని ధాన్యం నుంచి ఎంత తీసినా తప్పు లేదు. చమురు దిగుమతికి పోయే డాలర్లు మిగలడమూ మంచిదే. కావలసింది వాటా దానంతట అదే కదిలే ఒక నిబంధన. గోదాముల్లో బియ్యం నిల్వకు కింద ఒక గీత, యార్డుల్లో మొక్కజొన్న ధరకు పైన ఒక గీత గీయాలి. పంట తగ్గి ఆ గీతలు దాటిన ఏడాది 20 శాతం 15కో 12కో దిగాలి. ధర మద్దతు కన్నా కింద పడితే డిస్టిలరీలు ముందు రైతు మొక్కజొన్న కొనాలి, ఆ తర్వాతే ఎఫ్‌సీఐ బియ్యం దక్కాలి. ఆ బియ్యం కూడా ప్రభుత్వానికి పడిన ఖర్చులో సగానికి కాదు. రాష్ట్రాలు రేషన్ కోసం అడిగితే ఏ ధరకు ఇస్తారో అంతకు తగ్గకూడదు. రాష్ట్రం అడిగినప్పుడు లేవన్న సరుకు డిస్టిలరీకీ లేదనాలి.

ఇథనాల్ ఏడాది నవంబరులో మొదలవుతుంది. చమురు కంపెనీలు ఇథనాల్ కోసం పిలిచే టెండర్లకు ముందే ఈ నిబంధన రాతలో ఉంటే, వరి కోసిన మాగాణిలో దుక్కి దున్నకుండానే మొక్కజొన్న విత్తే గుంటూరు, కృష్ణా రైతుకు వచ్చే వేసవిలో తన గింజకు ఎవరు పోటీపడతారో తెలుస్తుంది. షెడ్డులోకి కొత్త పిల్లలను దించే ఫారం రైతుకు దాణా ఖర్చు ఎక్కడిదాకా పోవచ్చో తెలుస్తుంది. బంకులో అమ్మే పెట్రోలు ఆ ఏడాది కాస్త ఎక్కువ దిగుమతి చేసుకోవాల్సి రావచ్చు. ఆ ఖర్చు భరించగల స్తోమత ఈ దేశపు ఖజానాకు ఉంది. గుడ్డు కొనే ఇంటికి లేదు.